వీపుసంచి కోసం ఏడు కిలోమీటర్ల బేరం

ఒక సంచి కొనబోయి ఒక జలపాతాన్ని పోగొట్టుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నన్ను చూడండి. పోగొట్టుకోవడమంటే అది ఎటో కొట్టుకుపోయిందని కాదు. కుంటాల జలపాతం ఇప్పటికీ ఉన్న చోటనే దూకుతోంది. నేనే ఆ రోజు దానికి సరిగ్గా ఎదురు దిక్కున ఏడు కిలోమీటర్లు నడిచి వెళ్ళాను. నన్నెవరూ తరమలేదు. దారి తప్పలేదు. ఒంటి మీద తెలివితోనే, బేరమాడుతూ వెళ్ళాను.

నడుస్తూ బేరమాడటం ఏమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. అది తెలియాలంటే ముందు జమ్మికుంటలో మా బాపు బట్టల దుకాణం మెట్లెక్కాలి.

పత్తి మార్కెట్‌కు పోయే దారిలో ఉండేది మా దుకాణం. నేను పాకింది ఆ గడప మీద, పళ్ళు వచ్చినప్పుడు కొరికింది మీటరు బద్దను. మా బాపు దృష్టిలో బేరమంటే మాటలు కాదు, అడుగులు. గిరాకి "వద్దు తియ్" అని మెట్లు దిగుతాడు. వాడు నిజంగా పోవడం లేదు, పిలిపించుకోవడానికి పోతున్నాడు. బాపు కళ్ళతో వాడి మడమలు లెక్కపెట్టేవాడు.

"ఐదో అడుగు మీద పిలిస్తే మనకే అక్కెర ఉన్నదని ఎరుకైతది కొడుకా. ఇరవై దాటితే పక్క దుకాణంల జొర్రుతడు. గా కరెంటు స్తంభం కాడికి పోంగనే పిలువాలె. మనం కొనబోయినప్పుడు మాత్రం తిరిగి చూడొద్దు. తిరిగి చూసినోడు అడిగినంత ఇచ్చినట్టే."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అడిగినా పెట్టేది కాదు. వద్దని లేచి నాలుగడుగులు వేస్తేనే అవ్వ "రారా, ఇంకో గారె తిను" అనేది. అట్లా పెరిగిన వాణ్ణి. ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి చీపురు నుంచి చెప్పుల దాకా ఏదీ నడవకుండా కొన్నది లేదు.

అప్పట్లో నాకు శ్రీరాంపూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా పని. తెల్లారగానే జమ్మికుంటలో పాసింజరు ఎక్కడం, మంచిర్యాలలో దిగి బస్సు పట్టడం, సాయంత్రం అదే దారిన వచ్చి కుస్తీలు నేర్పే తాలీంఖానాలో వంద దండీలు తీయడం. దీనికి నా చేతుల్లో రెండు గుడ్డ సంచులు. ఒకదాంట్లో అన్నం డబ్బా, ఇంకోదాంట్లో లంగోటి, నూనె సీసా. రెండూ మా దుకాణంలో మిగిలిన ఒకే తాను గుడ్డతో కుట్టినవి, కవలపిల్లల్లా ఉండేవి. ఒక మధ్యాహ్నం ఆఫీసులో అందరం గుండ్రంగా కూర్చున్నాక సంచి విప్పి నడిమధ్యన పెట్టాను. లంగోటి వచ్చింది. ఆ సాయంత్రం తాలీంఖానాలో ఉస్తాదు ముందు వంకాయ కూర విప్పిన సంగతి చెప్పను, చెబితే మీరు నమ్మరు.

అందుకే ఆ రోజుల్లో నాకొక కల ఉండేది. మంచిర్యాల ప్లాట్‌ఫారం మీద ఒకసారి ఒక మనిషిని చూశాను. వీపు మీద సంచి, భుజాలకు రెండు పట్టీలు, రెండు చేతులూ ఖాళీ. ఒక చేత్తో జామకాయ తింటున్నాడు, ఇంకో చేయి ఊరికే ఊపుతున్నాడు. ఊరికే! ఆ చేయి ఊపిన తీరు నా మనసులో పడిపోయింది. పాసింజరు గోదావరి వంతెన మీదికి వచ్చినప్పుడల్లా, కింద నీళ్ళ మీద పొగమంచు కదులుతుంటే, నా వీపు మీద కూడా ఒక సంచి మొలిచినట్టు అనిపించేది. అందులో ఒక మూల డబ్బా, ఒక మూల లంగోటి, మధ్యలో ఏ కొండకైనా పోగలిగినంత చోటు. వంతెన దాటగానే పక్కవాడి మోచేయి తగిలి సంచి మాయమయ్యేది.

అట్లా ఉండగా, మా హెడ్ గుమాస్తా ప్రభాకర్ సారు కుంటాల ప్రయాణం పెట్టాడు. వానలు అప్పుడే తగ్గిన రోజులు, జలపాతం నిండుగా ఉంటుందన్నాడు. నేనెప్పుడూ జలపాతం చూసినవాణ్ణి కాదు. జమ్మికుంటలో నీళ్ళు దూకడం నేను చూసింది రేకుల చూరు మీంచే. పది రాత్రులు కలలో నీళ్ళు దూకాయి. కానీ సారు ఒక షరతు పెట్టాడు.

"బండల మీద దిగుడుంటది. రెండు చేతులు ఖాళీ ఉండాలె. చేతిల సంచి పట్టుకొని వచ్చినోడు పైన్నే వంటగిన్నెలకు కావలి కూసుంటడు. ఒకడు జారితే నేను ఇంట్లోళ్ళకు జవాబు చెప్పలేను."

పది మందిలో వీపుసంచి లేనివాళ్ళం ఇద్దరం. నేనూ, లచ్చన్నా. ఈ లచ్చన్న మా ఆఫీసులోనే ఉండేవాడు, మంచివాడు. ఎంత మంచివాడంటే ధర అడిగి అంతే ఇచ్చేవాడు. మా ఇంట్లో అటువంటివాళ్ళ పేరు ఎత్తితే బాపు కళ్ళు మూసుకునేవాడు, భక్తితో.

బయలుదేరే రోజు వచ్చినా సంచి కుదరలేదు. మంచిర్యాలలో మూడు దుకాణాల్లో నడిచాను, మూడు చోట్లా ధర నచ్చలేదు. చివరికి చేతిలో పాత గుడ్డసంచితోనే వ్యాను ఎక్కాను. పొద్దున తొమ్మిదింటికి ఇచ్చోడలో టిఫినుకు ఆపారు. సారు గడియారం చూపించి, "అరగంట. గా లోపల సంచులు దొరికితే మంచిది, లేకుంటే మీ ఇద్దరు గిన్నెల కాడ" అన్నాడు.

"నారాయణా, నేను గూడ వస్త, పా" అన్నాడు లచ్చన్న.

"నువ్వు రాకు. నీ ముఖం చూస్తనే ధర పెరుగుతది. నేను పోయి బేరం తెంపుకొని వస్త, గదే ధరకు నీకు గూడ ఇప్పిస్త. నువ్వు పూరి తిను."

రోడ్డు చివర, లారీలకు టార్పాలిన్లు కుట్టే ఒక రేకుల కొట్టు కనిపించింది. లోపల ఒక ముసలాయన దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఆయన పేరు విఠల్. వెనక ఆయన భార్య రుక్మబాయి కుట్టుమిషను తొక్కుతోంది. దూలానికి వేలాడుతోంది అది. నా గోదావరి వంతెన సంచి! ఆకుపచ్చ టార్పాలిన్, వెడల్పాటి పట్టీలు, పక్కన రెండు అరలు. గాలికి మెల్లగా తిరుగుతూ ముందు వీపు చూపించింది, తర్వాత ముఖం చూపించింది. నా గుండె లేగదూడలా గంతేసింది. దాన్ని తాడేసి కట్టి, ముఖం ఆముదం తాగినట్టు పెట్టాను.

"గిదేంది కాకా, లారీకి కుట్టిన లాగు లెక్కున్నది?"

"సంచి తమ్మీ. వీపుకు ఏసుకునేది. ఒక ఫారెస్టాయన కుట్టుమన్నడు, బదిలీ మీద పోయిండు."

"బతికిపోయిండు. ఎంత?"

"అరవై."

"అరవయా! అరవైకి నన్ను గూడ లోపల పెట్టి కుట్టియ్యాలె."

ఆయన నన్ను పై నుంచి కిందికి చూశాడు. "పడుతవ్. కుట్టమంటవా?"

అప్పుడే నేను జాగ్రత్త పడవలసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఆ తల తన్నేవాడు దబ్బనం పట్టుకుని నా ముందే కూర్చున్నాడు. కానీ నాకు నా బేరం తప్ప ఏదీ కనబడటం లేదు.

"ముప్పై అయిదు. గిది కూడ నీ ముసలితనం చూసి."

"అరవై. గిది కూడ నీ పసితనం చూసి."

"నాకు అక్కెర లేదు కాకా."

"సరే తమ్మీ."

నేను మెట్లు దిగాను. పక్క వీధి ఉన్నవైపు కాకుండా, వంపు లేని పెద్ద రోడ్డు వైపు తిరిగాను. చాలాసేపు కనబడుతూ నడవడానికి అదే మంచిదని. అది ఆదిలాబాద్ వైపు పోయే రోడ్డు. మా వ్యాను పోవలసింది నిర్మల్ వైపు.

ఐదడుగులు. పది. కరెంటు స్తంభం వచ్చింది. పిలుపు రాలేదు. ఇచ్చోడలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయేమో అనుకుని రెండో స్తంభం దాకా పోయాను. మూడో స్తంభం. చివరి ఇల్లు దగ్గరికి వచ్చానో లేదో, వెనక నుంచి దూరంగా ఒక కేక. మాట తెలియలేదు గానీ కేకే. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. మా బాపు శాస్త్రంలో మొదటి పిలుపును గాలి అనుకోవాలి. కాసేపటికి ఇంకో కేక. రెండో పిలుపును కుక్క అనుకోవాలి. మూడో పిలుపుకే నిలబడాలి, నిలబడ్డాక కూడా వెంటనే తిరగకూడదు, చెప్పులో రాయి పడ్డట్టు కాసేపు చెప్పు దులుపుకోవాలి. నేను చెప్పు దులపడానికి సిద్ధంగా కాలు తేలిక చేసుకుని నడుస్తున్నాను.

మూడో పిలుపు రాలేదు.

ఇక్కడ తిరిగి చూస్తే పోయేది కదా అంటారు. మీరు బట్టల దుకాణంలో పుట్టలేదు, అంటారు. నా మెడ అటు తిరగడం పుట్టుకతోనే నేర్చుకోలేదు.

ఇచ్చోడ వెనకబడింది. పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. రెండు పక్కలా పత్తి చేలు. బండ్ల మీంచి రాలిన పత్తి రోడ్డు పక్క తుమ్మముళ్ళకు పట్టుకుని, చెట్లన్నీ రాత్రికి రాత్రే ముసలివైనట్టు ఉన్నాయి. ఒక ఎడ్లబండి ఎదురు వచ్చింది, బండిమీది మనిషి నిద్రపోతున్నాడు, ఎడ్లు దారి తెలిసినట్టు పోతున్నాయి. నేను కూడా అట్లాగే. కాళ్ళు బేరం ఆడుతున్నాయి, నేను నిద్రపోతున్నాను. నా వెనక మెత్తగా ఏదో చప్పుడు వినిపించేది. నేను ఆగితే ఆగేది, నడిస్తే నడిచేది. నా అడుగుల చప్పుడే కాబోలు, చలికి ఆలస్యంగా వస్తోందనుకున్నాను.

తర్వాత టేకు చెట్లు మొదలయ్యాయి. పెద్ద ఆకు ఒకటి రాలితే చప్పున ఎవరో భుజం తట్టినట్టు ఉంటుంది. ఒక్కో ఆకు రాలినప్పుడల్లా "తమ్మీ" అన్నట్టు అనిపించేది. వాగు దాటుతుంటే నీళ్ళు "యాభై, యాభై" అన్నాయి. నేను మనసులో "నలభై" అన్నాను. నీళ్ళు తగ్గలేదు. సంచి వీపు మీద ఉన్నట్టే ఉంది. దాన్ని వేసుకుని పాసింజరులో నిలబడ్డాను, తాలీంఖానాలో మేకుకు తగిలించాను, బండలు పట్టుకుని జలపాతం కిందికి దిగాను. తుంపర ముఖాన పడింది. నిజంగానే పడింది. పొగమంచు చెమటగా మారి కారుతోంది. అంత అందమైన పొద్దు నా బతుకులో మళ్ళీ రాలేదు. ఆ పొద్దులో నేను చేసిన పనంత తెలివితక్కువ పనీ మళ్ళీ చేయలేదు.

ఎండ చురుక్కుమన్నాక మెలకువ వచ్చింది. అరగంట ఎప్పుడో అయిపోయింది. కాళ్ళు ఇక బేరమాడలేమన్నాయి. రోడ్డు పక్కన ఒక మోరీ గోడ ఉంటే దాని మీద కూలబడ్డాను. అప్పుడు కూడా ఇచ్చోడ వైపు కాదు, చేల వైపు ముఖం పెట్టి. మెత్తటి చప్పుడు దగ్గరికి వచ్చింది. గోడకు ఆ చివర ఎవరో కూర్చున్నారు. ఓరగా చూశాను.

విఠల్ కాకా. కాళ్ళకు చెప్పుల్లేవు. వీపు మీద నా సంచి.

కాసేపు ఇద్దరం చేలు చూశాము.

"ఎందాక పోతవ్ తమ్మీ?" అన్నాడు చివరికి.

"నువ్వెందాక వస్తవ్ కాకా?"

"నువ్వు తిరిగి చూసిందాక. తిరిగి చూస్తే యాభైకి ఇద్దామని ఎంబడి వస్తున్న. ఇప్పటిదాంక నా కొట్టు దిగిపోయినోడు తిరిగి చూడకుంట పోలే."

"పిలువచ్చు గద!"

"పిలిస్తే నా ధర పోదా?"

నాకు మా బాపు గుర్తుకొచ్చాడు. ఈ ఇద్దరూ ఎదురెదురు పడితే ఒకరి వెనక ఒకరు నాగపూర్ దాకా పోయేవాళ్ళు.

ఆయన సంచి దింపి, లోపలి నుంచి నీళ్ళసీసా, గుడ్డలో మూట కట్టిన జొన్నరొట్టె తీశాడు. "నీ నడక చూసిన. గిది జల్ది తెగే బేరం కాదని రొట్టె కట్టుకొని వచ్చిన" అన్నాడు. సగం తుంచి నాకు ఇచ్చాడు. "తిను. బేరం బేరమే, ఆకలి ఆకలే."

తిన్నాను. అంత రుచి గల రొట్టె తిన్నాక మనిషన్నవాడు మెత్తబడాలి. నేను మూతి తుడుచుకుని, "సరే, ఎంతకిస్తవ్?" అన్నాను.

"డెబ్బై."

"అరవై అంటివి!"

"అప్పుడు కొత్త సరుకు. ఇప్పుడు పరీక్షైన సరుకు. ఏడు కిలోమీటర్లు వచ్చింది, రాళ్ళు లెక్కపెట్టిన. ఒక్క కుట్టు ఊడిందా సూడు. పట్టీ భుజాన్ని కోసిందా సూడు."

"ఏడు కిలోమీటర్లు వాడినవంటే పాత సరుకు. ముప్పై."

"ముప్పై అయిదు అంటివి!"

"అప్పుడు కొత్తది."

"నాకు అమ్మే అక్కెర లేదు."

"నాకు కొనే అక్కెర లేదు."

ఇద్దరం ఒక్కసారే లేచాము. ఇద్దరం నడిచాము. అదృష్టం కొద్దీ ఇద్దరమూ ఇచ్చోడ వైపే నడిచాము. ఈసారి ఆయన ముందు, నేను వెనక. నా కళ్ళ ముందే నా సంచి, ఇంకొకరి వీపు మీద, ఏడు కిలోమీటర్లు ఎగిరెగిరి నడిచింది. ఆయన తిరిగి చూడలేదు. నేను పిలవలేదు.

మధ్యాహ్నానికి కొట్టు చేరాము. రుక్మబాయి మిషను ఆపి చీర కొంగు నడుముకు దోపింది.

"ఎటు పోయినవయ్యా? దుకాణం ఇడిసిపెట్టి, చెప్పులు ఇడిసిపెట్టి?"

"బేరం మీద పోయిన" అన్నాడు కాకా నేల చూస్తూ.

"నువ్వు గిట్ల తిరుగు, నేను ఇక్కడ అమ్ముత. ఆ ఫారెస్టాయనకు కుట్టిన రెండో సంచి అమ్మిన. గీ పిలగాని దోస్తట. పొట్టిగున్నడు. లచ్చన్నట."

కాకా, నేనూ ఒకే గొంతుతో అడిగాము. "ఎంతకు?"

"ముప్పై."

"ముప్పయా!" ఇది కూడా ఒకే గొంతు.

"నాకేం ఎరుక దాని ధర? చెప్పి పోయినవా? ఎంత అవ్వా అన్నడు, నీ ఇష్టం బిడ్డా అన్న. జేబుల ఉన్నయి తీసి ఇచ్చిండు. దండం పెట్టిండు గూడ. వాళ్ళ వ్యాను పోయి మూడు గంటలైంది."

మేమిద్దరం కొట్టు బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాము. ఇంట్లో దొంగతనం జరిగిన అన్నదమ్ముల్లా ఉన్నాము. నేను మెల్లగా, "అవ్వా, మరి నాకు గూడ ముప్పైకే..." అన్నాను.

రుక్మబాయి సంచిని కాకా వీపు నుంచి ఊడదీసి నా ఒళ్ళో పడేసింది. "నీకు అరవై. ముసలోన్ని చెప్పులు లేకుంట నడిపించినవ్. లేసి నడువబోయినవనుకో, కాళ్ళు టార్పాలిన్ల కుట్టేస్త."

నేను లేవలేదు. మా వంశంలో మొదటిసారి, కూర్చున్న చోటనే, అడిగినంత ఇచ్చాను. కాకా అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మినందుకో, ఆవిడ పద్ధతి చూసినందుకో తెలియదు.

జలపాతానికి ఇక వాహనం లేదు. నా కొత్త సంచి వీపున వేసుకుని, రెండు చేతులూ ఖాళీగా, ఊరికే ఊపుకుంటూ, వ్యాను తిరిగి వచ్చేదాకా ఇచ్చోడ బస్టాండులో అటూ ఇటూ తిరిగాను. చీకటి పడేముందు వచ్చింది. అందరి తలలూ తడిసి ఉన్నాయి. లచ్చన్న వీపు మీద సంచి ఇంకా నీళ్ళు కారుతోంది. వాడి కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

"ఎట్లున్నదిరా?" అన్నాను.

"ఎట్ల చెప్పాలె నారాయణా... పడుతనే ఉన్నదిరా. మనం వచ్చినంక గూడ పడుతనే ఉంటది."

"నన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోయిండ్రురా?"

"మంచిగున్నది! నువ్వు గటు పోతుంటే హోటల్ ముంగటి నుంచి నేనే పిలిచిన, ఓ నారాయణా అని, గొంతు పోయేటట్టు. రెండుసార్లు పిలిచిన. నువ్వు మల్లి చూడనే లేదు. ఎనుక ముసలాయన సంచి మోసుకొని వస్తుండు. సారు చూసి, మనోడు కూలి మనిషిని పెట్టుకొని ఎవరో చుట్టాల ఊరికి పోతుండు, పోనియ్ అన్నడు. అయినా ఇంకో అరగంట ఆగినం."

నేను వాడి రెండు భుజాలూ పట్టుకున్నాను. "రెండేనా? మూడోసారి ఎందుకు పిలువలేదురా, మూడోసారి?"

లచ్చన్న నన్ను జాలిగా చూశాడు. "రెండుసార్లు పిలిచినా మల్లనోన్ని మూడోసారి ఎవడు పిలుస్తడురా?"

సారు గిన్నెలు లెక్క చూసుకొమ్మన్నాడు. దానికి కూడా నేనే.

పాఠకులారా, ఆ సాయంత్రం వ్యానులో తడి గిన్నెల మధ్య కూర్చుని, సంచి పట్టీ మీద చేయి వేసి ప్రమాణం చేశాను. ఈ శరీరంలో ప్రాణముండగా, ఏ ఊళ్ళో గానీ, ఏ సరుకుకు గానీ, నడిచి బేరమాడను. ఎవరైనా ఒక్కసారి పిలిస్తే చాలు, పిలిచినవాడు నన్నే పిలిచాడో లేదో చూడకుండా తిరుగుతాను. ఆ ప్రమాణాన్ని ఇప్పటికీ అక్షరం తప్పకుండా పాటిస్తున్నాను. ఇప్పుడు ఏ దుకాణానికి పోయినా ముందు ఒక స్టూలు అడుగుతాను. దాని మీద కూర్చుని, దుకాణదారే లేచి నడిచిపోయేదాకా బేరమాడతాను.